పత్తెం మానిపించిన డైటు దీదీ

పెద్దాస్పత్రి డైటు దీదీ పోయిందన్న కబురు మంగళవారం పొద్దున్న మా మరోదా క్వార్టర్లకి వచ్చింది. కుళాయి దగ్గర నీళ్లు పడుతుంటే వెనక లైను క్వార్టరు ఆవిడ చెప్పింది. ముందురోజు డ్యూటీ చేసి, ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, గుండె పట్టుకుని కుర్చీలో కూలబడిందట. అంతే. రిటైరు కావడానికి ఇంకా పదిహేనేళ్లున్న మనిషి.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మన తెలుగువాళ్ల సంఘం ఆవిడ పేరున చిన్న పుస్తకం వేస్తోందని, తెలిసినవాళ్లు నాలుగు మాటలు రాసివ్వాలని అన్నారు. నన్నెవరూ అడగలేదు. నేనే చెబుతానన్నాను. ఎందుకంటే సంతాపసభలో నేను రెండు అబద్ధాలు విన్నాను. మైకు దగ్గర ఒక పెద్దాయన, ఆవిడ ఉత్త తిండితో క్యాన్సర్ నయం చేసిన దేవత అన్నాడు. నా వెనక కుర్చీలో ఒకావిడ పక్కనున్నావిడతో, "నయం సెయ్యడం ఏటి! ఆ ముసలాయనకి జిలేబీ పెట్టీసి సంపీసింది కాదేటి" అంది. ఆవిడ దేవత కాదు. ఎవరినీ చంపనూ లేదు. ఆ రెండు మాటలన్నవాళ్లు ఆస్పత్రి వంటగది గడప తొక్కినవాళ్లు కారు. నేను తొక్కాను. ఆవిడతో పోట్లాడాను కూడా. అందుకని నా మాట కూడా అచ్చులో ఉండాలి.

ఆవిడ ఆస్పత్రి వంటగదికి పెద్ద. ఏ రోగికి ఏ తిండి వెళ్లాలో ఆవిడే రాసేది. తండ్రి పార్వతీపురం వైపునుంచి, ఇక్కడి స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చినవాడు. ఆవిడ పుట్టింది ఇక్కడే. అందుకని తెలుగు మాట్లాడితే మూడో మాట హిందీ. కోపమొస్తే మొత్తం హిందీయే. సన్నటి మనిషి, పెద్ద గొంతు. వార్డులోకి వెళ్లే ప్రతి గిన్నెలోంచీ ముందు తను ఒక చెంచాడు నోట్లో వేసుకునేది. ఉప్పు లేని కూర కూడా మొహం చిట్లించకుండా మింగేది. డాక్టర్లు మేడమ్ అనేవారు. మిగతా అందరికీ దీదీ. నేను ఆవిడకంటే పెద్దదాన్ని కాబట్టి నన్ను, మా వైపు అక్కని పిలిచినట్టు, "అప్పా" అనేది.

నాకు ఆవిడతో పని పడింది మా ఆడపడుచు వల్ల.

మా ఆడపడుచు చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుని మా దగ్గరకొచ్చింది. తరవాత నా భర్తా పోయాడు. ఆయన పోయాక ఆయన చెల్లెలికీ నాకూ మిగిలిన పని ఒకరినొకరు తిట్టుకోవడమే. మా ఇద్దరికీ అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే చుట్ట. మా వైపు ఆడవాళ్లకి అదేమీ వింత కాదు. ఊరినుంచి రైల్లో వచ్చేవాళ్లు కట్టలు తెచ్చేవారు. ఇద్దరం ఒకే కట్టలోంచి తీసుకునేవాళ్లం. పుండు ఆమె అంగిట్లో పడింది, నాకు పడలేదు. ఎందుకని అడిగితే డాక్టరు కూడా చెప్పలేదు. ఆ రోజే నేను కట్ట తీసుకెళ్లి పొయ్యిలో పారేశాను. అదొక్కటే నేను చేసిన తెలివైన పని. ఆ తరవాత చేసింది చెబుతాను వినండి.

తొంభై మూడులో పెద్దాస్పత్రిలో ఆమెకి ఆపరేషను అయింది. అంగిట్లో కొంత కోసేసి, అక్కడ పళ్ల సెట్టు లాంటి పలక ఒకటి బిగించారు. అది తీస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. తరవాత రాయపూర్‌లో కరెంటు, అదే రేడియేషను, పెట్టించాలన్నారు. వారానికి అయిదు రోజులు, ఆరు వారాల పైన. డాక్టరు నన్ను పిలిచి ఒకటే మాట చెప్పాడు. "మధ్యలో ఆపకూడదమ్మా. ఆపితే జబ్బుకి సందు దొరుకుతుంది. ఈవిడ బరువు తగ్గిపోతే నేను ఆపక తప్పదు. బరువు చూసుకోండి." నేను తల ఊపి ఇంటికొచ్చి, ఆమెకి పత్తెం పెట్టాను.

పత్తెమంటే మా అత్త నేర్పిన పత్తెం. నేను ఆరుగురిని కన్నాను. ఆరుసార్లూ ఆవిడ చేతి పత్తెమే తిన్నాను. కోసిన ఒంటికి పప్పు పెడితే చీము పడుతుంది. గుడ్డు వేడి. పెరుగు చలవ. పల్లీలు పైత్యం. పాలు తాగితే గళ్ల పడుతుంది. ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది? వేయించిన బియ్యం ఉడకబెట్టిన జావ, మిరియాల చారు. రెండు పూటలా అదే. మూడో పూట అడిగితే అరగదని చెప్పేదాన్ని. కరెంటుకి నోరంతా కాలిపోయి ఉన్న మనిషికి నేను మిరియాల చారు పోశాను. ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుని మింగేది. ఘాటుకి కఫం కరుగుతోందనుకున్నాను. లోపం చేశానని ఎవరైనా అంటే ఆ రోజుల్లో వాళ్ల నోరు మూయించేదాన్ని. నేను నిద్ర మానుకుని, నడుం పడిపోయేలా చేసిన సేవ అది.

ఆస్పత్రిలో ఇచ్చిన తిండి కాగితం ఒకటి ఉండేది. హిందీలో అచ్చు వేసింది. నేను దాన్ని భక్తిగా దేవుడి గూట్లో పెట్టాను.

సోమవారం సోమవారం పెద్దాస్పత్రి వంటగది స్టోరులో బరువు చూసేవారు. బియ్యం బస్తాలు తూచే పెద్ద కాటా అది. వార్డులో బరువు మిషను ఉన్నా డైటు దీదీ దాన్ని నమ్మేది కాదు. మొదటి వారం తగ్గింది. రెండో వారం ఇంకా తగ్గింది. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"అప్పా, ఘర్ మే ఏటి పెడుతున్నావు?"

"ఏటి పెట్టాలో అదే పెడతన్నాను. పత్తెం."

"పత్తెమా? పప్పు?"

"సీము పట్టీదేటి?"

"గుడ్డు?"

"ఏడి సేసీదేటి?"

"అరే భగవాన్. మరి బతకడానికి ఏటి పెడుతున్నావు?"

"నువ్వు నిన్న పుట్టినావు. నాను ఆరు పురుళ్లు పోసుకున్నాను. నాకు నేర్పుతావేటి?"

"పురుడు వేరు అప్పా, ఇది వేరు. పురుటాలు ఒంటికి కరెంటు పెట్టించుకుంటుందా?"

లోపల నాకున్న భయం అప్పుడే బయటపెట్టాను. "బలమైన తిండి పెడితే ఆ గడ్డకీ బలం రాదేటి?"

ఆవిడ కోపం తగ్గింది. ఈ ప్రశ్న నా ఒక్కదానిదే కాదని తరవాత తెలిసింది. వార్డులో సగం ఇళ్లవాళ్లు ఇదే అనుకుని రోగిని ఎండగడుతుంటారు. ఆవిడ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మాట పోకుండా గుర్తుంది. "నువ్వు పెట్టకపోతే అది ఊరుకుంటుందా అప్పా? చిన్నప్ప ఒంట్లోంచే తీసుకుంటుంది. అది పస్తుండదు. పస్తుండేది చిన్నప్పే."

చిన్నప్ప అంటే మా ఆడపడుచు. ఆ మాట విని కూడా నేను మారలేదు. ఇంటికొచ్చి మళ్లీ జావే కాచాను. మా అత్త మాట ముందు ఎవరి మాటైనా నాకు తేలికే.

మూడో వారం బరువు తగ్గలేదు. నేను గర్వంగా చూశాను. నాలుగో వారమూ తగ్గలేదు. డైటు దీదీ మాత్రం కాటా వైపు చూడకుండా మా ఆడపడుచు మొహం చూస్తూ నిలబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. రవిక భుజాల మీద నుంచి జారుతోంది.

"మొహం చూస్తే తగ్గింది. కాటా చూస్తే తగ్గలేదు," అంది. "కాటాని నేనే సరి చేయించాను. ఝూట్ ఎవరు చెబుతున్నారు?"

మా ఆడపడుచు తల వంచుకుంది. ఆవిడ వెళ్లి ఆమె నడుం దగ్గర చెంగు పట్టుకుని లాగింది. సిమెంటు నేల మీద ఠంగుమని ఒక ఇనప నట్టు పడింది. తరవాత ఇంకొకటి. ఇంకొకటి. పిడికిలంత నట్లు. ప్లాంటు ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఉంటాయి. మా ఇంట్లో వడియాల గుడ్డ గాలికి లేవకుండా మూలల్లో పెడతాం. రెండు వారాలుగా కనబడక నేను పక్క క్వార్టరు పిల్లల్ని తిడుతున్నాను.

"ఇదేటి చిన్నప్పా?"

ఆమె మాట ముక్కులోంచి వచ్చేది, అలవాటున్నవాళ్లకే అర్థమవుతుంది. "కరెంటు ఆపీకండి," అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "మా వదిన్ని తిట్టకండి. అది కష్టపడతంది. నానే ఆకలని అడగలేదు," అంది.

ముప్పై ఏళ్లుగా నన్ను రోజూ తిట్టిన మనిషి. నేను అక్కడ ఏడవలేదు. వంగి నట్లు ఏరుకున్నాను. అవి ఆమె ఒంటి వేడికి వెచ్చగా ఉన్నాయి.

డైటు దీదీ ఆ రోజు హిందీలో కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. స్టోరు తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అంది. "అప్పా, ఈవిడకి జబ్బు ఒకటే. నువ్వు రెండోది పెడుతున్నావు." ఆ మాట నన్ను కొట్టినట్టు మా అత్త కూడా ఎప్పుడూ కొట్టలేదు. డాక్టరు దగ్గరికి తనే వెళ్లి అసలు బరువు చెప్పింది. ఆయన కరెంటు ఆపేస్తానన్నాడు. ఆవిడ ఒక వారం గడువు అడిగి తెచ్చింది. వచ్చే సోమవారానికి ఇంకా తగ్గితే ఆపడమే.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి మోపెడ్ మీద మా ఇంటికొచ్చింది. కాగితం ఏదని అడిగింది. దేవుడి గూట్లోంచి తీసి ఇచ్చాను. పసుపు మరకలు చూసి, "నీకు చదవడం రాదని నాకెందుకు చెప్పలేదు?" అంది. "నువ్వు అడిగినావేటి?" అన్నాను. ఆవిడ ఆ కాగితం మడిచి తన సంచీలో పెట్టేసుకుంది. "తప్పు నాదే," అంది. ఆఫీసు ఉద్యోగం చేసే మనిషి నోట నా ముందర ఆ మాట రావడం అదే మొదలు.

తరవాత వంటింట్లో నేల మీద కూర్చుని నా డబ్బాలన్నీ మూతలు తీయించింది. కొత్తది ఒక్కటి కొనమనలేదు. చోడిపిండి, అదే రాగిపిండి, ఉంది. ఇక్కడివాళ్లు తినే సత్తు, అదే వేయించిన సెనగల పిండి, మా కోడలు తెప్పించుకున్నది ఉంది. పల్లీలు ఉన్నాయి. పాలు వస్తాయి. గుడ్లు వీధి చివర దొరుకుతాయి. చోడి అంబలి పాలతో కాయించింది. పల్లీలు వేయించి మెత్తగా దంచి అందులో కలిపించింది. చెంచాడు నెయ్యి. కారం లేదు, పులుపు లేదు. చల్లారాక తను తాగి చూసింది. మా ఇంటి గ్లాసే తీసుకుని, సగానికి వేలు పెట్టి గుర్తు చూపించింది. "ఇంతే. కానీ ఎనిమిది సార్లు."

"ఎనిమిది సార్లా! గడియారం సూడ్డం నాకు రాదు కదా."

"గడియారం ఎవరు చూడమన్నారు?" అని, ఆవిడ మా వీధి చప్పుళ్లు అడిగింది. పొద్దున్న ఏం వినబడుతుంది, తరవాత ఏం వినబడుతుంది అని. నేను చెప్పాను, ఆవిడ కూర్చింది. ఫస్టు షిఫ్టు సైరను మోగితే అంబలి. స్కూలు బస్సు హారను కొడితే గుడ్డు వేసి గిలక్కొట్టిన పాలు. రాయపూర్ రైల్లో సీసాలో సత్తు. ఫస్టు షిఫ్టు వాళ్ల సైకిళ్లు తిరిగొస్తే పప్పు మెత్తగా మెదిపిన అన్నం. కుళాయి వస్తే అరటిపండు పాలలో నలిపి. అలా పడుకునేదాకా. నేను ఒక్కసారికే నేర్చుకున్నాను. చదువు రాదన్నాను గాని, చెవులు లేవనలేదు.

ఆ వారం మా ఇంట్లో జరిగింది సేవ కాదు, యుద్ధం. ఆమెకి దేనికీ రుచి తెలియదు. అంతా మట్టిలా ఉందనేది. నోట్లో లాలాజలం లేదు. రెండు గుక్కలు తాగి గ్లాసు తోసేసేది. "మొన్నటిదాకా తిండి పెట్టకుండా సంపీడానికి సూసినావు, ఇప్పుడు తిండి పెట్టి సంపుతన్నావు. నా అన్న లేడని కదే నీ ధీమా!" అని తిట్టేది. తిట్లకి ఒంట్లో సత్తువ వస్తోందని నాకు ధైర్యంగా ఉండేది. "ఇదో, ఈ గుక్క తాగీసి తిట్టు," అనేదాన్ని. వాంతి చేసుకుంటే కడిగి, కాసేపాగి, మళ్లీ సగం గ్లాసు. డైటు దీదీ చెప్పింది ఒకటుంది. తప్పిన ముద్ద తప్పిందే, రేపు రెండు పెడతానంటే కుదరదని.

సోమవారం వచ్చింది. కాటా ఎక్కించేముందు మా ఆడపడుచు తనే చెంగు విప్పి దులిపి చూపించింది. స్టోరులో బియ్యం దించే కూలీలు కూడా పని ఆపి చూశారు. బరువు తగ్గలేదు. పెరగనూ లేదు. నాకు దిగులేసి, "పెరగలేదు కదమ్మా," అన్నాను.

"అప్పా, ఈ కరెంటులో తగ్గకుండా నిలబడ్డమంటే ఏటనుకున్నావు? గోడ పడకుండా వీపుతో ఆపినట్టు," అంది. డాక్టరు కరెంటు ఆపలేదు.

అయిదో వారంలో గొంతు పూర్తిగా పుండైపోయి చుక్క దిగలేదు. ముక్కులోంచి సన్నగొట్టం వేశారు. అదే అంబలి పల్చగా కలిపి, పాత పంచెగుడ్డలో వడగట్టి, నేనే పోసేదాన్ని. గొట్టం వేశారంటే మనిషి అయిపోయినట్టే అని ఊరివాళ్లు చూడ్డానికి వచ్చారు. డైటు దీదీ వాళ్లని గుమ్మంలోనే ఆపి, "గొట్టం దారి మాత్రమే. దారి బాగులేదని పక్కదారిలో వెళ్తున్నాం," అని పంపేసింది. పదో పదకొండో రోజులకి తీసేశారు. కరెంటు ఒక్క రోజు తప్పకుండా పూర్తయింది.

మా ఆడపడుచు ఈ రోజుకీ ఉంది. అయిదేళ్లయింది. ఇక్కడే ఆ మైకు పెద్దాయనకి నా జవాబు. ఆమెని బతికించింది కత్తి పట్టిన డాక్టరు, ఆ కరెంటు. తిండి బతికించిందని నేను అనను. ఆవిడ అననిచ్చేది కాదు. ఒకసారి నేను నలుగురిలో అలా అంటే, "తిండి మందు కాదు అప్పా. మందు పని చేసేదాకా మనిషి కాళ్ల మీద ఉండాలి కదా, అందుకు తిండి," అని అక్కడికక్కడే సరిచేసింది. తిండి మానేసి రసాలు తాగితే జబ్బు ఎండిపోతుందని ఎవరో చెబితే నమ్మి వచ్చినవాళ్లని ఆవిడ ఎలా తిట్టేదో, తిండితోనే తగ్గిపోతుందన్నవాళ్లనీ అలాగే తిట్టేది.

ఇక జిలేబీ సంగతి. ఆ తరవాత నేను వారానికోసారి వంటగదికి వెళ్తుండేదాన్ని. మనవైపు ఆడవాళ్లకి, చదువు రానివాళ్లకి, ఏ చప్పుడుకి ఏం పెట్టాలో చెప్పడానికి ఆవిడే రమ్మంది. అప్పుడు కడుపులో జబ్బున్న ఒక ముసలాయన ఉండేవాడు. డాక్టర్లు ఇంక చేసేదేమీ లేదని ఇంటివాళ్లకి చెప్పేశారు. అయినా కొడుకులు పొద్దస్తమానం పాలు, గుడ్డు నోట్లో కుక్కుతున్నారు. ఆయన పళ్లు బిగించి ఏడుస్తున్నాడు. డైటు దీదీ గ్లాసు వాళ్ల చేతిలోంచి తీసేసుకుంది. "బస్. ఇంక బలానికి కాదు. ఇష్టానికి," అంది. ఆయన చెవి దగ్గర వంగి, ఏం తినాలనుందని అడిగింది. ఆయన జిలేబీ అన్నాడు. సుపేలా బజారు నుంచి వేడివేడిగా తెప్పించింది. ఆయన జిలేబీ తినలేదు; పాకం నాలిక్కి రాస్తే చప్పరించి నవ్వాడు. నేను అక్కడే ఉన్నాను. మూడో రోజు పోయాడు. జిలేబీ వల్ల కాదు. ఎవరికి ఎక్కించి పెట్టాలో, ఎవరికి బలవంతం ఆపాలో ఆవిడకి తెలుసు. నా వెనక కుర్చీలో కూర్చున్నావిడకి తెలియదు.

ఆవిడలో తప్పులు లేవా? ఉన్నాయి. అందరి పళ్లాలూ చూసే మనిషి తను మధ్యాహ్నం రెండు బిస్కెట్లు, నాలుగు టీలతో రోజు గడిపేది. "నీకు పత్తెం ఎవులు పెట్టినారే?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. "టైం నహీ హై అప్పా," అనేది. ఒకసారి పప్పన్నం డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. మూత తీసి వాసన చూసి బాగుందంది. ఆ డబ్బా ఆయాసంతో వచ్చిన ఒక పేషంటు భార్యకి ఇచ్చేసింది. నేను కోప్పడ్డాను. కూర్చోబెట్టి తినిపించి ఉండవలసింది. అది నా లెక్కలో ఉన్న తప్పు.

మంగళవారం కుళాయి దగ్గరనుంచి బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చి మా ఆడపడుచుకి చెప్పాను. ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. మా ఇళ్లల్లో కావలసినవాళ్లు పోతే, పైవాళ్లైనా సరే, ఆ పూట పొయ్యి ముట్టించరు. కోడలు వచ్చి, "అత్తా, ఈ పూట వండాలా వద్దా?" అని నన్ను అడిగింది. నేను వద్దనబోయాను.

"వండు," అంది మా ఆడపడుచు.

కోడలు వండింది. మెత్తగా మెదిపి నేనే కంచంలో పెట్టాను. ఆమె నోట్లో పలక సర్దుకుని, చెంచాతో కొంచెం కొంచెం తీసుకుని తినడం మొదలుపెట్టింది. కళ్లలోంచి ధారగా కారుతూనే ఉంది. మోచేత్తో తుడుచుకుంటోంది, నములుతోంది, మింగుతోంది. మింగడానికి ఆమెకి మామూలు రోజుల్లోనే కష్టం. ఒక్కసారి కూడా ఆగలేదు. చివరి మెతుకు అయ్యేదాకా తిని, ఖాళీ కంచం నా వైపు చాపింది.

"ఇంకొంచెం పెట్టు వదినా."